అరుగు నుంచి ఎలివేషన్ దాకా: మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల కట్టడాలు – ఔచిత్య దృష్టి

కావ్యానికి ఉండవలసిన వర్ణనలను లెక్కపెట్టిన లాక్షణికులు మొదట నిలిపింది నగరాన్నే. దండి ‘కావ్యాదర్శం’లోని పట్టిక నగరంతో మొదలవుతుంది. సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం ఆ తరువాతివి. తెలుగు ప్రబంధకవులు ఈ క్రమాన్ని శ్రద్ధగా పాటించారు. అల్లసాని పెద్దన అరుణాస్పదపురాన్ని చూపించిన తరువాతే ప్రవరుణ్ణి చూపించాడు. ఊరు ఎలాంటిదో తెలిస్తే తప్ప అందులోని మనిషి ఎలాంటివాడో తెలియదన్న నమ్మకం ఆ క్రమంలో ఉంది. ఆ లెక్కన ఊరి రూపాన్ని గురించి ఆలోచించడం సాహిత్య విద్యార్థికి పరాయి పని కాదు. అయినా మన చిన్న పట్టణాలు గత మూడు నాలుగు దశాబ్దాల్లో పొందిన రూపాన్ని గురించి తెలుగు విమర్శ మాట్లాడింది తక్కువ. అది ఇంజనీర్ల పని అనో, పురపాలక సంఘం పని అనో వదిలేశాం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లోని కొత్త కట్టడాలను ఔచిత్య సిద్ధాంతం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మూడూ పాత చిత్తూరు జిల్లా పడమటి మెట్టసీమ ఊళ్ళు. కన్నడ సీమ పక్కనే ఉంది, తమిళ సీమ ఎంతో దూరం లేదు. బెంగళూరు సుమారు 100–125 కిలోమీటర్లు. పెళ్ళి బట్టలు మొదలుకొని ఇంటి ముఖం దాకా ఇక్కడివారు నమూనా కోసం చూసేది ఆ నగరం వైపే. కొత్త కట్టడాలు అందవికారంగా ఉన్నాయనీ, ఊరి అందాన్ని చెడగొట్టాయనీ ఫిర్యాదు ఈ ఊళ్ళలో తరచు వినిపిస్తుంది. ఆ ఫిర్యాదులో నిజం ఉంది. దానికి చెప్పే కారణాలు మాత్రం సరైనవి కావు. ఎత్తు, సిమెంటు, ఆధునికత అనే మూడింటి మీద నింద మోపి ఊరుకుంటున్నాం. కట్టడానికీ వీధికీ నడుమ ఉన్న సంబంధం తెగిపోవడమే అసలు వికారమని నా వాదం.

ఎత్తు దోషమా?

ఎత్తైన మేడలను చూసి బెదిరిన సంప్రదాయం కాదు మనది. ప్రబంధాల్లో సౌధాలు చంద్రమండలాన్ని ఒరుసుకుంటాయి. మేడల మీది ధ్వజాలు సూర్యుని గుర్రాల చెమట ఆరుస్తాయి. కోట ఎంత ఎత్తైతే కవికి అంత సంబరం. అయిదంతస్తుల వాణిజ్య సముదాయం ఆకాశాన్ని మింగేసిందని విసుక్కునే నేటి రచయిత, ఈ విషయంలో మాత్రం, ప్రబంధకవికి వారసుడు కాడు.

అయితే ఆ నగరవర్ణన మేడలతో ఆగిపోదు. కోట, అగడ్త, సౌధాలు కాగానే కవి చూపు కిందికి దిగుతుంది. నాలుగు వర్ణాలవారు, పూలమ్మే పుష్పలావికలు, తోటలు, కాలువలు, చివరికి ఆ వీధుల్లో తిరిగే పిల్లగాలి వర్ణనలోకి వస్తాయి. ‘ఆముక్తమాల్యద’లో శ్రీకృష్ణదేవరాయలు విల్లిపుత్తూరును చెబుతూ, పంటకాలువల్లో రెక్కల నడుమ తలదూర్చి నిద్రించే బాతులను చూపిస్తాడు. వేకువ స్నానం చేసిపోయిన బ్రాహ్మణులు మరచిన బట్టల పిండ్లు కాబోలునని తలారులు వాటిని తెచ్చి ఇళ్ళకు చేర్చడానికి రేవులోకి దిగుతారు. బాతులు పరుగు తీస్తాయి. వరిచేలకు కాపున్న పడుచులు నవ్వుతారు. ఈ పద్యంలో ఒక్క కట్టడమూ లేదు. ఊరు మాత్రం ఉంది. రేవు, కాపలా, పొలం, నవ్వు ఒకదానికొకటి అందేంత దగ్గరగా ఉన్న ఊరు అది.

‘క్రీడాభిరామం’ ఇంకొక అడుగు ముందుకు వేసింది. రూపక భేదాల్లో దానికి పేరే వీథి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లును కాలినడకన తిరిగి చూస్తారు. పూటకూళ్ళ ఇల్లు, బజారు, చిత్తరువులు, జనసమ్మర్దం అన్నీ నడిచేవాడి కంటి ఎత్తులో కనిపిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రాసినప్పుడు కాకతీయుల కాలపు జనజీవనానికి ఈ చిన్న గ్రంథాన్ని అంతగా ఆశ్రయించడానికి కారణం ఆ కంటి ఎత్తే అనుకుంటాను. మేడ పైనుంచి చూస్తే ఏ నగరమైనా ఒకేలా ఉంటుంది. తేడా వీధిలో తెలుస్తుంది.

కనుక కట్టడం గురించి తీర్పు చెప్పవలసినవాడు దాని యజమాని కాడు, దాన్ని గీసినవాడూ కాడు. దాని పక్కనుంచి నడిచిపోయేవాడు. రుచిభేదం ఉంటుంది గదా, నీకు నచ్చనిది నాకు నచ్చవచ్చు గదా అనే ప్రశ్న ఇక్కడ రావచ్చు. కావ్యం విషయంలో ఆ ప్రశ్నకు బలం ఉంది. నచ్చని పుస్తకాన్ని పాఠకుడు మూసి పక్కన పెడతాడు. నచ్చని కట్టడాన్ని మూసిపెట్టే వీలు బాటసారికి లేదు. బడికి పోయే పిల్లవాడు పదేళ్ళపాటు దాన్ని రోజుకు రెండుసార్లు చదవవలసిందే. ఈ నిర్బంధ పఠనం వల్లనే కట్టడంపై విమర్శకు కావ్యవిమర్శ కంటే ఎక్కువ హక్కు ఉంది.

‘ఎలివేషన్’ అనే మాట

మన పట్టణాల్లో ఇప్పుడు కట్టడం గురించిన సంభాషణ అంతా ఒక మాట చుట్టూ తిరుగుతున్నది. అది ఎలివేషన్. ఇంజనీర్ల పరిభాషలో అది కట్టడం నాలుగు ముఖాల్లో దేనికైనా వేసే నిలువు చిత్రం. మేస్త్రీల, ఇంటి యజమానుల వాడుకలో దానికి అర్థసంకోచం కలిగింది. వీధివైపు ముఖానికి విడిగా తొడిగే అలంకారానికే ఇప్పుడు ఆ పేరు. “ఇల్లు అయిపోయింది, ఎలివేషన్ మిగిలింది” అనే వాక్యం మదనపల్లెలోనైనా కుప్పంలోనైనా సహజంగా వినిపిస్తుంది. ఈ వాక్యాన్ని భాషాశాస్త్ర విద్యార్థులు కొంచెం ఆగి చూడాలి. ముఖం లేకుండానే ఇల్లు పూర్తయిందట. ముఖం తరువాత, చేతిలో డబ్బు ఆడినప్పుడు, చదరపు అడుగుకింతని కొని అతికించుకునేదట. ఏ కాలపు తెలుగు మనిషీ ఇంటి గురించి ఇలా మాట్లాడి ఉండడు. వాకిలి లేని ఇల్లు పూర్తయిందని అతడు అనలేడు.

అతికించే సరుకులో వైవిధ్యం లేకపోలేదు. అల్యూమినియం పలకలు, నీలి అద్దాలు, రాయిలా కనిపించే టైలు, ఏ బరువునూ మోయని లావుపాటి గుండ్రని స్తంభాలు, కల్యాణమండపాల ముందు సున్నపు సింహాలు. వీటిలో దేన్నైనా విడిగా చూస్తే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. కాశ్మీర దేశీయుడైన క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దంలో ‘ఔచిత్య విచార చర్చ’లో చెప్పింది ఈ సంగతే. మొలనూలు మెడలో వేసుకుని, హారం నడుముకు చుట్టుకుని, అందెలు చేతికి తొడుక్కున్న మనిషిని చూసి లోకం నవ్వుతుంది. మొలనూలు మంచిదే, హారమూ మంచిదే. చోటు తప్పింది. స్తంభం పని మోయడం. మోయని స్తంభం మెడలోని మొలనూలు. అద్దం పని వెలుతురును లోపలికి రానివ్వడం. వెనక ఇటుక గోడ పెట్టి దాని మీద అద్దం అంటించినప్పుడు అది చేతికి తొడిగిన అందె. క్షేమేంద్రుని శిష్యులెవరైనా మన బస్టాండు కూడలిలో నిలబడితే ఉదాహరణలకు కాశ్మీరం పోనక్కర లేదు.

అందవికారానికి మనం వాడే మరొక మాట వికృతి. వ్యాకరణ విద్యార్థికి ఆ మాట నిందగా తోచదు. ప్రకృతి–వికృతి అన్నప్పుడు వికృతి అంటే పరభాషాపదం మన నోటికి, మన ధ్వనులకు అనుగుణంగా మారి మనదైన రూపం. కట్టడాల్లోనూ అటువంటి వికృతులు జరిగాయి. బంగాళం ఇంటి పద్ధతి ఇంగ్లీషు దొరలతో వచ్చి మనకు బంగళా అయింది. చుట్టూ వరండా, పైన పెంకు, ముందు చెట్టు చేర్చుకుని ఈ ఎండకు అలవాటు పడింది. సిమెంటు స్లాబు కథ ఇంకా ముచ్చటైనది. రాయలసీమలో పాత మిద్దె అంటే దూలాల మీద దంతెలు పరచి, పైన మన్ను దట్టించిన ఇల్లు. స్లాబు వచ్చినప్పుడు జనం దానికి కొత్త పేరు వెతకలేదు. అదీ మిద్దే అన్నారు. మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి, ఎండాకాలం రాత్రులు పడుకోవడానికి పాత మిద్దె ఎలా పనికివచ్చిందో కొత్త మిద్దె అలాగే పనికివచ్చింది. భాష ఇచ్చిన ఈ తీర్పును బట్టి సిమెంటు నేరస్థురాలు కాదు. అరిగి మనదైన పదార్థం అది. ఎలివేషన్ ఇంకా అరగలేదు.

బూదరాజు రాధాకృష్ణ కూర్చిన వాస్తు పదకోశం ఈ సందర్భంలో తప్పక చూడవలసినది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో ప్రారంభించిన మాండలిక వృత్తి పదకోశాల వరసలోది ఆ సంపుటం. గృహనిర్మాణానికి సంబంధించిన మాటలను ఆయా వృత్తుల వారి నోటినుంచే సేకరించిన పని అది. వీధికీ ఇంటికీ నడుమ ఉన్న జాగాకు తెలుగులో ఎన్ని పేర్లో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది: అరుగు, తిన్నె, పంచ, వసారా, వాకిలి, గడప, పడసాల. వీధి నుంచి లోపలికి పోతూ ఉంటే ఒక్కో అడుగుకు ఒక్కో పేరు. ఎవరు ఎంతవరకు రావచ్చునో, ఎక్కడ నిలబడి ఏ మాట మాట్లాడవచ్చునో ఆ పేర్లలో ఉంది. నేటి కట్టడ పరిభాషలో ఆ జాగా మొత్తానికి మిగిలింది ఒకటి రెండు మాటలు, సెట్‌బ్యాక్, పార్కింగ్. వీధికి ఎంత దూరం జరగాలో మొదటిది చెబుతుంది. రెండోది బండికి చోటు చూపిస్తుంది. మనిషి నిలబడే చోటుకు పేరు లేదు. పేరు లేని చోటు ప్లానులో గీత కాజాలదు.

మదనపల్లె: గాలి తిరగబడిన వీధి

సముద్రమట్టానికి సుమారు 695 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె వేసవిలో కూడా కొంత చల్లగా ఉండే ఊరు. ఊరి పేరు దేశానికి తెలిసింది ఆ గాలి వల్లనే అన్నా తప్పు లేదు. అనీబిసెంటు చొరవతో 1915లో ఏర్పడిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919లో రవీంద్రనాథ ఠాకూరు వచ్చి కొన్ని రోజులు విశ్రాంతి తీసుకున్నాడు. ‘జనగణమన’కు ఇంగ్లీషు అనువాదం చేసింది అప్పుడే, ఇక్కడే. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ కళావిమర్శకుడు కూడా. తిరువనంతపురంలో 1935లో తెరచిన శ్రీ చిత్రాలయం వెనక ఉన్న ముఖ్యుల్లో అతడు ఒకడు. అంటే చూడడం నేర్పే మనిషి ఒకప్పుడు ఈ ఊళ్ళో పాఠం చెప్పాడు.

ఊరికి పక్కనున్న ఆరోగ్యవరం అంతకంటే బలమైన ఉదాహరణ. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన ఈ క్షయ చికిత్సాలయం ఆనాటికి పూర్తిగా ఆధునికమైనది, పూర్తిగా విదేశీ ఆలోచన. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో గాలి, వెలుతురు, విశ్రాంతి, పోషణ ఇవే చికిత్స. కాబట్టి అక్కడ కట్టడమే వైద్యం. ఎక్కడ తెరవాలి, ఎక్కడ నీడ పెట్టాలి అనే ప్రశ్నలకు రోగి ఊపిరితిత్తులే సమాధానం చెప్పాయి. ఒకప్పటి తెలుగు కథల్లో, సినిమాల్లో క్షయ సోకిన పాత్రను మదనపల్లె పంపడం పరిపాటి అయిందంటే ఈ గాలికున్న పేరు ఎంతటిదో ఊహించవచ్చు. ఔచిత్యానికి పాతదనం అవసరం లేదని ఆరోగ్యవరం రుజువు చేస్తున్నది. పని తెలిసిన కొత్త కట్టడం తన చోటును తానే కనుక్కుంటుంది.

ఇప్పటి మదనపల్లె ప్రధాన వీధుల్లో నడిస్తే పరిస్థితి తలకిందులుగా కనిపిస్తుంది. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి ఈ ఊళ్ళో ఉంది. పట్టుచీరలు నేసే నీరుగట్టువారిపల్లె ఉంది. వ్యాపారం ఉంది, డబ్బుంది. ఆ డబ్బు అద్దాల ముఖాలతో నిలబడుతున్నది. చల్లని ఊళ్ళో తెరుచుకోని కిటికీలు. అద్దం పడమటి ఎండను లోపల బంధిస్తుంది, లోపలి వేడిని ఏసీ పెట్టెలు తీసుకువచ్చి వీధిలో పోస్తాయి. దుకాణం వెలుపల తోపుడుబండి పెట్టుకున్నవాడి ముఖాన ఆ వేడి కొడుతుంది. ప్రబంధంలో నగరవర్ణన పిల్లగాలితో ముగుస్తుందని పైన చెప్పుకున్నాం. ఆ గాలి తోటల మీదుగా వచ్చి వీధిలో నడిచేవారి చెమట ఆర్చేది. ఈ గాలి దానికి సరిగ్గా విలోమం. కట్టడం ఊరికి ఏమి ఇస్తున్నది, ఊరినుంచి ఏమి తీసుకుంటున్నది అనే లెక్క వేస్తే, అద్దాల ముఖం కంటికి చేసే అపకారం కంటే ఒంటికి చేసే అపకారం పెద్దది. దీన్ని వికారం అనడానికి సౌందర్యశాస్త్రం కూడా అక్కర లేదు.

ఒక చిన్న విషయం. కట్టుబడి జరిగే ప్రతి ఇంటికీ మనవాళ్ళు దిష్టిబొమ్మ కడతారు. అందమైన దానికి కన్ను తగలకూడదని ముందు వికారమైన ముఖం వేలాడదీయడం దాని వెనక ఉన్న తర్కం. ఎలివేషన్ పూర్తయిన కొన్ని కట్టడాలను చూసినప్పుడు, ఆ బొమ్మను తీసేయకుండా ఉంచితే బాగుండేదనిపిస్తుంది.

పుంగనూరు, కుప్పం

పుంగనూరులో పాత కట్టడమంటే జమీందారుల నగరి. సుగుటూరు వంశీకుల ఏలుబడికి గుర్తు అది. పొట్టి ఆవుల జాతి వల్ల లోకానికి తెలిసిన ఈ ఊరిని లోపలివాళ్ళు గుర్తుపట్టేది ఈ నగరితో, సుగుటూరు గంగమ్మ జాతరతో. జాతర రోజుల్లో అమ్మవారు నగరి ఆవరణలో కొలువుంటుంది, ఊరేగింపు వీధుల్లో సాగుతుంది. ఏడాది పొడుగునా ఎత్తైన గోడల వెనక ఉన్న కట్టడం ఆ రోజుల్లో ఊరందరి తాకిడికి తెరుచుకుంటుంది. నగరి వాస్తు విశేషాల కంటే నాకు ఈ తెరుచుకోవడం ముఖ్యమనిపిస్తుంది. కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర వీధులను ఇలాగే కొలిచి చూస్తుంది. ఊరేగింపు ఒక వీధిలోకి వచ్చినప్పుడు అక్కడి కట్టడాలు ఏం చేస్తాయి? హారతి పట్టుకుని నిలబడడానికి గడప ఉందా, ముసలివాళ్ళు కూర్చుని చూడడానికి ఎత్తు ఉందా, ఎండకు నీడ ఉందా? వాణిజ్య సముదాయానికి ఆ వేళ చేయడానికి పని లేదు. షట్టరు దించుకుంటుంది.

కుప్పం కథలో ఇంకొక మెలిక ఉంది. ఈ ప్రాంతపు గ్రానైటు ‘కుప్పం గ్రీన్’ అనే పేరుతో దూరదేశాల మార్కెట్లలో అమ్ముడవుతుంది. పొలం గట్టున పాతిన రాతికూసం నుంచి గుడి మండపం దాకా ఇక్కడి జనానికి రాయి చేతికందే సరుకు. గృహనిర్మాణానికి సరుకు అయిదు మైళ్ళ లోపల దొరకాలన్న గాంధీ మాటను కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) తన పనికి సూత్రంగా చెప్పుకునేవాడు. ఆ సూత్రానికి కుప్పం కంటే అనువైన ఊరు ఉంటుందా? అసలు రాయి ఓడలెక్కి పోతున్నది, రాయి బొమ్మ వేసిన టైలు లారీలెక్కి వస్తున్నది. తత్సమాన్ని ఎగుమతి చేసి దాని అపభ్రంశాన్ని దిగుమతి చేసుకుంటున్నాం.

ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఈ ఊళ్ళో వెలిసింది. మూడు భాషల కూడలి కావడమే అందుకు కారణం. ఇంటిముందరి ఎత్తు జాగాను తమిళులు తిణ్ణై అంటారు, మనం తిన్నె అంటాం, కన్నడ పలుకు కలిసే చోట జగలి అంటారు. మనకు తిన్నె అంటే ఇసుక మేట కూడా. నేలే కొంచెం లేచి మనిషికి ఆసనమైందన్న భావన ఆ మాటలో ఉంది. సరిహద్దు గీతలు గీసిన తరువాత కూడా మూడు భాషల ఇళ్ళకు ఒకే పోలిక నిలిచిందంటే అది ఈ తిన్నె వల్లనే. కుప్పం పురపాలక సంఘానికి మొదటి ఎన్నికలు 2021లో జరిగాయి. ఊరు పట్టణంగా మారడం ఇప్పుడిప్పుడే మొదలైందన్నమాట. మదనపల్లెలో తెగిపోయినది ఇక్కడ ఇంకా కొన్ని వీధుల్లో మిగిలి ఉంది.

చట్టం చూపు

అందం గురించి చట్టానికి పట్టదని అనుకుంటాం. పట్టింది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలు పురపాలక సంఘాల పనులుగా 18 అంశాలను పేర్కొంది. పట్టణ ప్రణాళిక మొదటిది. పదమూడోది సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల పెంపుదల. సౌందర్యం అనే మాట రాజ్యాంగంలో పురపాలక సంఘం పేరు పక్కన ఉంది. ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు (2017) సెట్‌బ్యాక్ కొలతలు చెబుతాయి, ఎత్తు చెబుతాయి, పార్కింగ్ చెబుతాయి. పదమూడో అంశానికి వాటిలో దీటైన చోటు లేదు. ఉన్న కొలతలనైనా మీరినవారికి 2007లో ఒకసారి, 2015లో మరొకసారి జరిమానా కట్టి క్రమబద్ధం చేసుకునే పథకాలు వచ్చాయి. నియమం కంటే క్షమాపణ చవక అయినప్పుడు మేస్త్రీని తిట్టి లాభం లేదు.

ప్రభుత్వ భవనాలకు పార్టీ రంగులు వేసిన వివాదం 2020లో హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా పోయి, ఆ రంగులు తీసేయవలసి వచ్చింది. రంగు కూడా ఎలివేషనే అని, కట్టడం ముఖం ఎవరిదన్న ప్రశ్న ఉందని న్యాయస్థానాలు ఒప్పుకున్న సందర్భంగా దాన్ని చూడవచ్చు. హైదరాబాదులో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. రాజధానిలో నవాబుల భవనానికి వకీళ్ళు దొరుకుతారు. పుంగనూరు వీధిలోని నాలుగు అరుగుల ఇంటికి ఎవరూ పిటిషను వేయరు.

అరుగు ఎవరిది?

ఇంతదాకా చెప్పినదానికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. దాన్ని దాటవేస్తే ఈ పరిశీలన పాత ఇళ్ళ మీద మమకారంగానే మిగులుతుంది. అరుగు అందరిదీ కాదు. ఎవరు అరుగెక్కి కూర్చోవాలి, ఎవరు కిందనే నిలబడాలి, ఎవరు వీధి మలుపులోనే ఆగిపోవాలి అన్నది కులం నిర్ణయించింది. పైన మెచ్చుకున్న పేర్ల వరస, వాకిలి, గడప, పడసాల, ఒక కొలబద్ద కూడా. మనిషి కులాన్ని అడుగుల్లో కొలిచే కొలబద్ద. నగరి గోడలు రైతుల శిస్తుతో లేచినవి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఆ గోడల ముందు తలవంచినవారి మనుమలు ఇవాళ దాన్ని అందమైన కట్టడంగా చూడాలని మనం కోరడం అంత తేలిక కాదు.

గుర్రం జాషువ ‘గబ్బిలం’ (1941) ఈ సంగతిని అందరికంటే ముందు చూసిన కావ్యం. తన మొర శివుడికి చేర్చడానికి దళితుడు గబ్బిలాన్ని పంపుతాడు. హంస, మేఘం దొరకక కాదు. గుళ్ళోకి అతడికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. ఆ గబ్బిలం దారి పొడుగునా గొప్ప కట్టడాల మీదుగా ఎగిరిపోతుంది. కట్టినవాళ్ళ సంతతి బయట, పక్షి లోపల. కట్టడాల అందం గురించి తెలుగులో ఇంత వేదనగా మాట్లాడిన కావ్యం మరొకటి నేను ఎరుగను. అందం ఉంది, అందుబాటు లేదు. మన ప్రాచీన నగరవర్ణనలన్నిటికీ జాషువ పెట్టిన అభ్యంతరంగా దీన్ని చదవాలి.

ఈ కోణంలో చూస్తే పూరిపాకలో పుట్టి స్లాబు ఇల్లు కట్టుకున్న మనిషి దాని ముందు రెండు లావుపాటి స్తంభాలు నిలబెట్టుకోవడం క్షేమేంద్రుని నవ్వుకు లొంగదు. తరతరాలుగా వీధి తనకు చూపించిన ముఖానికి అతడు ఇచ్చుకునే జవాబు అది. కట్టుబడి ఒక్కటే అయినా కట్టినవాడిని బట్టి ఔచిత్యం మారుతుందని ఒప్పుకోవాలి. నా విమర్శ ఆ ఇంటి మీద కాదు. బాటసారికి ఒక అడుగు నీడ కూడా ఇవ్వకుండా వీధి చివరి అంగుళం దాకా అద్దం అంటించుకునే వాణిజ్య సముదాయం మీద, కల్యాణమండపం మీద, వాటి పక్కనే అదే ముఖం తగిలించుకునే ప్రైవేటు ఆసుపత్రి మీద. వాటికి డబ్బు కొరత లేదు, గతంలో ఎవరూ చేసిన అవమానమూ లేదు.

పేదలకు ప్రభుత్వం కట్టించే ఇళ్ళ సంగతి వేరుగా చూడాలి. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ళ పథకంలో పట్టణ పేదకు దక్కింది సెంటు స్థలం, అందులో సుమారు 340 చదరపు అడుగుల ఇల్లు. అంతకు ముందు మొదలైన టిడ్కో ఇళ్ళ సముదాయాల్లో 300, 365, 430 చదరపు అడుగుల వాటాలు. వరస తప్పని పెట్టెలుగా ఇవి ఊరి పొలిమేరలను మార్చేశాయని పత్రికల్లో చదువుతుంటాం. ఆ ఏకరూపత కంటికి కష్టమే. అయితే అక్కడ ఎలివేషన్ లేదు, దానికి డబ్బు లేదు. వీధికీ ఇంటికీ నడుమ ఏ జాగానూ ప్లాను ఇవ్వలేదు. గుమ్మం దిగితే కాలువ, కాలువ దాటితే రోడ్డు.

ఈ మూడు ఊళ్ళ కాలనీల్లోనూ సాయంత్రం పూట నడిస్తే ఒక దృశ్యం కనిపిస్తుంది. ఇంటిముందరి మురికికాలువ మీద ఒక బండ పరచి ఉంటుంది. కొన్ని చోట్ల అది గ్రానైటు కోతలో పనికిరాదని పారేసిన ముక్క. దాన్ని కడిగి, అంచున ముగ్గు వేసి, ఆడవాళ్ళు దాని మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటారు, పూలు కట్టుకుంటుంటారు. పక్క గుమ్మం ఆమె వచ్చి పిలవకుండానే కూర్చుంటుంది. దీనికి వాళ్ళు వాడే పేరు ఏమిటని అడిగితే కుప్పంలో ఒకామె బండ అంది, మదనపల్లెలో ఒకామె అరుగు అంది.